కొండలు లేని దేశం

మంత్రిత్వ శాఖ మూడో అంతస్తులో నా కిటికీ.
కింద వీధిలో రాళ్లు మళ్లీ పరుస్తున్నారు.
టక్. టక్‌టక్. టక్.
మార్చి నెల కోపెన్‌హాగెన్, రేవు మీంచి తడిగాలి.
నేనొక అంకెను
అరవై ఏడు నుంచి అరవై ఎనిమిదికి జరుపుతున్నాను.

మీట ఒక్కసారి నొక్కితే చాలు,
కిందున్న వరసలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.
ఎర్రగా ఉన్న లోటు నల్లబడుతుంది.
ఇరవై ఏళ్ల తర్వాతి ఖజానా
ఇప్పుడే ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి.
నూట నలభై పేజీల నా నివేదికను
పిండితే కారేది ఆ ఒక్క ముక్కే.
అబద్ధమేం కాదు.
పుట్టేవాళ్లు తగ్గారు, పోయేవాళ్లు నెమ్మదించారు.
నెమ్మదించినందుకు నాకు సంతోషమే,
ఎనభై మూడేళ్ల మా నాన్న ఇంకా సైకిల్ తొక్కుతాడు.
తొక్కిన ప్రతి నెలకీ ఎవరో ఒకరు కట్టాలి కదా.

మధ్యాహ్నం కాఫీ కప్పుతో కిందికి దిగాను.
పేరు ప్రెబెన్ అట. అరవై మూడు.
పదిహేడో ఏట సుత్తి పట్టాడు.
మోకాళ్ల కింద రబ్బరు దిళ్లు,
దిళ్ల కింద ఇసుక, ఇసుక కింద ఊరు.
రాయిని అరచేతిలో ఒకసారి తిప్పి
దాని మొహం ఎటుందో చూసి
అప్పుడు కూర్చోబెడతాడు.
పక్కన మాల్తె, పందొమ్మిదేళ్ల కుర్రాడు,
తిప్పకుండానే పెట్టేసి తిట్లు తింటున్నాడు.

ఎక్కడ పనిచేస్తావన్నాడు. పైకి చూపించాను.
"ఓహో, లెక్కలవాళ్లు" అన్నాడు, కోపం లేకుండా.
ఏదో ఒకటి అనాలి కనక
కొండల మాట అన్నాను.

నవ్వాడు.
"మన దేశంలో కొండలెక్కడివమ్మా?
ఉన్న ఆ ఒక్క రాతిదీవినీ
చెక్కి తెచ్చి నేనే పరిచేశాను.
నలభై ఆరేళ్లు కూర్చునే చేశాను పని,
ఇదిగో, ఈ మోకాళ్ల మీదే కూర్చుని.
కరిగిందేమిటో డాక్టరు ఫోటో తీసి చూపించాడు."

ఎడమది ఎముక మీద ఎముక.
కుడిది తర్వాత చూద్దామన్నారట.

మా ఐదో అంతస్తులో ఒక సలహాదారు ఉంది,
డెబ్బై రెండేళ్లు, ఇంటికి పొమ్మంటే అలుగుతుంది.
నా పట్టికలో ఆమే ఇతనూ
ఒకే గడిలో పక్కపక్కన కూర్చుంటారు.
సగటు తీస్తే
ఇద్దరికీ చెరో మోకాలు బాగానే ఉంటుంది.

ముందుగా తప్పుకునే దారి ఉందని చెప్పబోయాను,
ఫారాలున్నాయని, వైద్యుల బోర్డు ఉందని.
"మా అమ్మకి తొంభై ఒకటి" అన్నాడతను, చేతిలో రాయితో.
"వాల్బీలో హోమ్‌లో ఉంది. ఆమె స్నానం, సూపు,
కిటికీలో పూలకుండీ, అన్నీ మీ పై అంతస్తు డబ్బే.
అది కట్టెయ్యమని నేనెట్లా అంటాను?"

తర్వాత చాలాసేపు ఇద్దరం రాళ్లకేసే చూశాం.

పైకొచ్చి, ఎవరూ అడగని పని ఒకటి చేశాను:
పెన్షన్ వరసలో ఆదా అయినది
ఎటు పోయిందో వెతికాను.
కొంత నిజంగానే మిగిలింది.
కొంత జబ్బు సెలవు భత్యంలో తేలింది,
కొంత ఆపరేషన్ బల్ల మీద,
కొంత 'పనికి అనర్హులు' అన్న పద్దులో, తల దించుకుని.
కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకుని
బరువు తగ్గిందనుకునే మనిషిని తలచుకున్నాను.
చివరికి మిగిలింది చిన్న అంకె కాదు.
మేం చెప్పుకునేంత పెద్దదీ కాదు.
పేజీ అడుగున ఓ చిన్న గమనిక రాశాను.
పై అధికారి మర్యాదగానే కొట్టేశాడు, చోటు చాలదని.

నాలుగింటికి కిటికీలోంచి చూస్తే
ప్రెబెన్ లేవబోతున్నాడు.
ఒక చెయ్యి నేల మీద, ఒకటి మాల్తె భుజం మీద.
లెక్కపెట్టడం నా అలవాటు.
పదకొండు సెకన్లు.

ఇంటికెళ్తూ ఆ కొత్త రాళ్ల మీదుగానే నడిచాను.
దేనికీ చలనం లేదు.
ఒక్కటి మాత్రం, మాల్తె పెట్టింది కాబోలు,
మడమ కింద
కొంచెం ఊగింది.